కణత్వచం జల్లెడ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫిజియాలజీ క్లాసులో ఏదైనా పదార్థం కణత్వచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే పల్చటి పొరను, దాటుతుందా అని అడిగితే నేను రెండే ప్రశ్నలు వేసుకోమంటాను. దాన్ని తోసే బలం ఉందా? పోవడానికి దారి ఉందా? కింది అపోహల్లో చాలావరకు ఈ రెండిట్లో ఒకదాన్ని మర్చిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: చిన్నవి దాటుతాయి, పెద్దవి ఆగిపోతాయి.

త్వచాన్ని జల్లెడలా ఊహించుకోవడంతో వచ్చిన చిక్కు ఇది. సోడియం అయాన్ ఎంత చిన్నదైనా త్వచంలోని లిపిడ్ (కొవ్వు) పొరను దాటలేదు. దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన స్టిరాయిడ్ హార్మోన్ ఇట్టే దాటేస్తుంది. అయాన్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి నీటి అణువులు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని వదిలించుకుని కొవ్వు పొరలోకి దిగాలంటే బోలెడు శక్తి కావాలి. స్టిరాయిడ్‌కు ఆ బాధ లేదు, అది కొవ్వులో కరుగుతుంది.

పొటాషియం ఛానల్, అంటే పొటాషియం పోవడానికి త్వచంలో ఉండే ప్రోటీన్ దారి, సంగతి ఇంకా విచిత్రం. సోడియం కంటే పెద్దదైన పొటాషియంను పోనిచ్చి, చిన్నదాన్ని ఆపేస్తుంది! ఛానల్‌లో ఇరుకైన చోట ఆక్సిజన్ పరమాణువులు వరుసగా ఉంటాయి. నీటిని వదిలి వచ్చిన పొటాషియం వాటి మధ్య సరిగ్గా ఇముడుతుంది. సోడియం మరీ చిన్నది, వాటికి అందదు. అందుకే నీటిని వదలడం దానికి గిట్టుబాటు కాదు. 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఈ ఛానల్ నిర్మాణాన్ని బయటపెట్టాక ఈ విషయం కళ్లకు కట్టింది.

అపోహ: నీటికి ప్రత్యేకంగా దారి అక్కర్లేదు.

లిపిడ్ పొరగుండా కొంత నీరు పోతుంది, నిజమే. కానీ మూత్రపిండాల్లో ఆ వేగం ఏ మూలకీ చాలదు. అక్కడ ఆక్వాపోరిన్లు (నీటి కోసమే ఉన్న ఛానళ్లు) ఉండాల్సిందే.

అపోహ: రెండు వైపులా ఆస్మోలారిటీ (కరిగిన పదార్థాల మొత్తం గాఢత) సమానంగా ఉంటే కణానికి ఢోకా లేదు.

దీన్ని మాటలతో కాకుండా చేసి చూపిస్తాను. ఒక టెస్ట్‌ట్యూబ్‌లో 0.9 శాతం ఉప్పునీరు, ఇంకోదాంట్లో 1.8 శాతం యూరియా ద్రావణం. ఆస్మోలారిటీ రెండిట్లోనూ లీటరుకు ఇంచుమించు 300 మిల్లీఆస్మోల్స్. రెండిట్లోనూ కాస్త రక్తం వేసి, వెనక అచ్చు కాగితం పెట్టండి. ఉప్పునీటి ట్యూబ్ మసగ్గానే ఉంటుంది, అక్షరాలు కనబడవు. యూరియా ట్యూబ్ చూస్తుండగానే తేటపడుతుంది. రంగు ఎర్రగానే ఉన్నా అక్షరాలు చక్కగా చదవొచ్చు. యూరియా ఎర్ర రక్తకణాల్లోకి దూరిపోయింది, వెనకాలే నీరూ వెళ్లింది, కణాలు పగిలిపోయాయి. ద్రావణం ఎంత గాఢంగా ఉందన్నదొక్కటే చూస్తే సరిపోదు, అందులో కరిగినది త్వచాన్ని దాటగలదా లేదా అన్నది కూడా చూడాలి. నరంలోకి ఎక్కించే 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ద్రావణం సీసాలో ఉన్నంతసేపే ఐసోటానిక్, అంటే కణాలను ఉబ్బించదు, కుదించదు. ఒంట్లోకి వెళ్లి గ్లూకోజ్ ఖర్చయ్యాక మిగిలేది ఉత్త నీరే.

అపోహ: ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ వేసేది నీరసం తగ్గడానికి.

చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే అనుకుంటారు. అసలు కథ కణత్వచంలో ఉండే సోడియం పంపుతో మొదలవుతుంది. ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుతో అది మూడు సోడియంలను బయటికి నెట్టి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. దాంతో కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువే, బయటి సోడియం లోపలికి రావాలని చూస్తూనే ఉంటుంది. పేగు గోడలోని ఎస్‌జీఎల్‌టీ1 ప్రోటీన్ ఆ తోపునే వాడుకుంటుంది. రెండు సోడియంలతో పాటు ఒక గ్లూకోజ్‌ను లోపలికి లాగుతుంది, నేరుగా ఏటీపీని ముట్టుకోదు. అవి వెళ్తే వెనకే నీరు వెళ్తుంది. కలరా విషం క్లోరైడ్ ఛానళ్లను తెరిచి నీళ్లు పోగొడుతున్నా ఈ దారి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ కూడా 75 మిల్లీమోల్స్ ఉండటం ఊరికే కాదు. తియ్యగా ఉంటే తాగుతారని చక్కెర ఎక్కువ కలిపితే అది పేగులోకే నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది.

అపోహ: ఇన్సులిన్ లేకపోతే ఏ కణంలోకీ గ్లూకోజ్ వెళ్లదు.

ఎర్ర రక్తకణాలకు, మెదడుకు ఇన్సులిన్‌తో పని లేదు. వాటి త్వచంలో గ్లూట్1 లాంటి వాహకాలు (గ్లూకోజ్‌ను దాటించే ప్రోటీన్లు) ఎప్పుడూ ఉంటాయి. కండరాలు, కొవ్వు కణాల్లో మాత్రం గ్లూట్4 అనే వాహకం లోపలి సంచుల్లో దాగి ఉంటుంది, ఇన్సులిన్ దాన్ని పైకి రప్పిస్తుంది. అక్కడ కూడా ఒక మినహాయింపు ఉంది. పనిచేస్తున్న కండరంలో ఇన్సులిన్ లేకుండానే గ్లూట్4 పైకి వస్తుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లలో నడక తర్వాత షుగర్ తగ్గడానికి ఇదొక కారణం.