హెపారిన్‌ను పసిగట్టే పొర

గుండె ఆపరేషన్‌లో ఒంట్లోని రక్తం యంత్రం గుండా తిరుగుతుంది. గొట్టాల్లో గడ్డకట్టకుండా ముందే హెపారిన్ ఎక్కిస్తారు. పని అయ్యాక దానికి విరుగుడుగా ప్రోటమిన్ ఇస్తారు. ఇది తక్కువైతే రక్తస్రావం ఆగదు, ఎక్కువైనా ప్రమాదమే. హెపారిన్ ఇంకా ఎంత మిగిలిందో తెలియడానికి కాస్త రక్తం తీసి, అది గడ్డకట్టేందుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. కానీ చల్లబడిన రక్తమూ పలచబడిన రక్తమూ ఎలాగూ ఆలస్యంగానే గడ్డకడతాయి. ఆ సెకన్లన్నీ హెపారిన్ ఖాతాలో వేయలేం.

హెపారిన్‌నే నేరుగా కొలవలేమా? అదొక పొడవాటి చక్కెర గొలుసు. నిండా సల్ఫేట్లు ఉండడం వల్ల ఒక్కో గొలుసు మీద సగటున 70 దాకా రుణావేశాలుంటాయి. ఇంత ఆవేశముంటే ఎలక్ట్రోడ్‌కు ఇట్టే దొరకాలనిపిస్తుంది. అయాన్ల గాఢతను బట్టి ఎలక్ట్రోడ్ వోల్టేజీ ఎంత మారుతుందో చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం మాత్రం దానికి సరిగ్గా ఎదురు చెబుతుంది. ఒకే ఆవేశమున్న అయాన్ గాఢత పదింతలైతే వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఆవేశాలు 70 అయితే ఆ 59ని 70తో భాగించాలి. ఒక్క మిల్లీవోల్టు కూడా మిగలదు.

అయినా 1990ల మొదట్లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో మార్క్ మేయర్‌హాఫ్ బృందం చేసిన ఎలక్ట్రోడ్ పదుల మిల్లీవోల్టుల మార్పు చూపించింది. ఎలక్ట్రోడ్ మీది పీవీసీ ప్లాస్టిక్ పొరలో కొవ్వులాంటి తోకలున్న ఒక అమ్మోనియం లవణం కలపడమే వాళ్లు చేసిన పని. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. నెర్న్‌స్ట్ లెక్క తప్పలేదు, అది సమతాస్థితికి, అంటే మార్పులన్నీ సద్దుమణిగిన స్థితికి, వర్తించే లెక్క. ఈ పొర ఆ స్థితికి చేరనే లేదు. హెపారిన్ గొలుసులు వచ్చి పొర పైభాగంలో ఆ లవణానికి జతగా ఉన్న క్లోరైడ్‌ను తోసేసి ఆ చోటు ఆక్రమిస్తాయి, అక్కడి నుంచి మెల్లగా లోపలికి ఇంకుతాయి. ఆ ఖాళీలోకి కొత్తవి వస్తుంటాయి. ఎంత క్లోరైడ్ తొలగిందన్నది గొలుసులు వచ్చే వేగాన్ని బట్టి ఉంటుంది, ఆ వేగమేమో రక్తంలోని గాఢతను బట్టి. రాకపోకలు సాగినంతసేపే పొర మాట్లాడుతుంది, సమతాస్థితి రాగానే మూగబోతుంది. మళ్లీ వాడాలంటే గాఢమైన ఉప్పునీటిలో ఉంచి, ఇంకిన హెపారిన్‌ను బయటికి రప్పించాలి.

రంగుతో పట్టే దారీ ఉంది. టోల్యుడిన్ బ్లూ ద్రావణంలో హెపారిన్ కలిపితే చూస్తుండగానే నీలం ఊదాగా మారుతుంది. ధనావేశమున్న రంగు అణువులు గొలుసు వెంట ఒకదాన్నొకటి ఆనుకుని పేరుకోవడం వల్ల అవి పీల్చుకునే కాంతే మారిపోతుంది. అయితే రక్తం ఎరుపు ఈ పరీక్షకు అడ్డొస్తుంది. ఎలక్ట్రోడ్‌కు ఆ ఇబ్బంది లేదు.

2008లో కల్తీ హెపారిన్ ప్రాణాలు తీసింది. అందులో కలిసింది అదనంగా సల్ఫేట్లు తగిలించిన కాండ్రాయిటిన్ అనే మరో చక్కెర గొలుసు. అది మామూలు పరీక్షలకు చిక్కలేదు. కానీ దాని మీద ఆవేశం హెపారిన్ కన్నా దట్టం. ఈ పొర ముందు పెడితే, అసలు హెపారిన్‌కు మించి వోల్టేజీ మారింది.