వాన తర్వాత సముద్రం రంగు

చిరంజీవులు చిన్నికి, కార్తీక్‌కు తాతయ్య దీవెనలు.

వానలు తెరిపిచ్చాక చెన్నైలో బెసెంట్ నగర్ బీచ్‌కి వెళ్తే నీళ్లన్నీ మట్టి రంగులో ఉన్నాయని, "అండమాన్ ఫొటోల్లో నీలంగా ఉంటుంది కదా, మనది మురికి సముద్రమా తాతయ్యా?" అని చిన్ని అడిగింది. కాదమ్మా.

నా చిన్నప్పుడు నెల్లూరులో పెన్నకు వరదొస్తే ఇంట్లో బాన నిండా ఎర్ర నీళ్లే. చెయ్యి మణికట్టు దాకా ముంచితే వేళ్లు కనపడేవి కావు. మా నాయనమ్మ ఇండుపగింజను బాన లోపలి వైపు గరగరా అరగదీసేది. తెల్లారేసరికి అడుగున మెత్తటి ఒండ్రు, పైన తేట. ఆ తేటను కదపకుండా ముంచుకోవాలి. ఆటల తొందరలో చెంబు లోపలికి తోశామా, మళ్లీ అంతా కలకే, వీపు మీద దెబ్బే.

సముద్రాన్నీ ఆ బానే అనుకోండి. వానాకాలంలో అడయారు, కూవం నదులు అందులో ఒండ్రు తెచ్చి పోస్తాయి. పెద్ద అలలు చెంబు పెట్టి తోసినట్టు ఒడ్డు దగ్గరి అడుగును లేపుతాయి. ముతక ఇసుక నిమిషాల్లో దిగిపోతుంది. బంకమట్టి రేణువులు మాత్రం చాలాసేపు తేలుతూనే ఉంటాయి. చెంచాడు ఇసుక కన్నా చెంచాడు బంకమట్టి వెలుగుకు ఎన్నో రెట్లు అడ్డుపడుతుంది, ఎందుకంటే అందులో రేణువులు లెక్కలేనన్ని. ఇక ఇండుపగింజ పని ఇక్కడ ఉప్పు చేస్తుంది. ఉప్పునీళ్లు తగలగానే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, కిందికి దిగుతాయి. అందుకే నది తెచ్చిన బురద చాలావరకు తీరం దగ్గరే ఆగిపోతుంది. దూరాన ఉన్నది తేట.

ఆ తేటలో ఎండ లోతుకు పోతుంది. ఎరుపును నీళ్లే ముందుగా మింగేస్తాయి, పది మీటర్లు దిగేసరికి దాదాపు మిగలదు. నీలం అన్నిటికన్నా లోతుకు వెళ్లి, కొంత వెనక్కి తిరిగి మన కంటికి చేరుతుంది. కలక నీళ్లలో వెలుగు పైపైనే రేణువులకు తగిలి వచ్చేస్తుంది. ఎరుపును మింగడానికి నీళ్లకు వ్యవధి ఉండదు, పైగా ఉన్న నీలాన్ని మట్టే పీల్చేసుకుంటుంది. మిగిలేది మట్టి రంగు.

మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలం చూశారు. అది ఆకాశపు నీడేనని అప్పటి పెద్దలు చెప్పినా ఊరుకోలేదు. ఒక చిన్న పట్టకంతో నీటి మీది మెరుపును తీసేసి చూస్తే నీలం ఇంకా బాగా కనిపించింది! నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని తేల్చారు. పుస్తకంలో ఉన్నదాన్ని కూడా ఒకసారి కంటితో సరిచూసుకోవాలర్రా.

ఒండ్రు మురికి కాదు. మురికంటే మనం కాలవల్లోకి వదిలేది. చిప్స్ కవరు ఇసుకలో పడేయకండి.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బీచ్‌కి వెళ్లండి, అప్పుడు ఎండ మీ వెనక ఉంటుంది. నీళ్లలోకి దిగొద్దు. అలల దగ్గర మొదలుపెట్టి చూపును మెల్లగా దూరానికి జరపండి. రంగు ఎక్కడెక్కడ మారిందో, మధ్యలో ఆకుపచ్చ పట్టీ ఉందో లేదో చూడండి. ఆ ఆకుపచ్చ వెనక కంటికానని నాచు కూడా ఉంటుంది, దాని సంగతి ఇంకో ఉత్తరంలో. చూసింది రంగు పెన్సిళ్లతో గీసి పంపండి. ఫొటో వద్దు, ఫోన్లు రంగులు మార్చేస్తాయి.

తాతయ్య