పసుపు కలిపాక తగ్గింది ముద్దా, వెలుగా?

పాడేరు పసుపు గురించి విశాఖలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే "పసుపు పార్కిన్సన్స్‌ని ఆపుతుందట" అన్న మాట ఇక్కడ ఇట్టే చెలామణి అయిపోతుంది. ఇంట్లో చెయ్యి వణికే పెద్దాయనో, అడుగు పడక ఆగిపోయే పెద్దావిడో ఉంటే ఆ మాట మీద ఆశ పుడుతుంది. ఆ ఆశకి విలువ ఇవ్వాలి. ఇవ్వాలంటే ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి. చాలాసార్లు అది పుట్టేది 96 గుంటలున్న ఓ ప్లాస్టిక్ ప్లేటులో, గుంటకి 100 మైక్రోలీటర్ల ద్రవంలో.

ఆ ద్రవంలో ఉండేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్. 140 అమైనో ఆమ్లాల గొలుసు. నరాల కణాల కొసల్లో, ఒక కణం ఇంకోదానికి కబురు అందించే చోట దండిగా ఉంటుంది. పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో ముద్దల్ని లూయీ అనే వైద్యుడు 1912లోనే వర్ణించాడు. అవి ప్రధానంగా ఈ ప్రోటీన్‌తోనే కట్టుకున్నాయని తేలింది మాత్రం 1997లో. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు తరతరాలుగా రావడానికి దీని గొలుసులో 53వ స్థానంలో వచ్చిన ఒకే ఒక్క మార్పు కారణమని బయటపడిందీ ఆ ఏడాదే.

మామూలుగా దీనికి స్థిరమైన రూపం లేదు, నీళ్లలో వదులుగా తేలే దారంలా ఉంటుంది. 61 నుంచి 95 దాకా ఉన్న నడిమి భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటే పోగు, అంటే ఆ ముద్దల్లో ఉండే గట్టి దారం, మొదలవుతుంది. ఒక్కసారి మొదలైతే పక్కనున్నవీ అదే రూపంలోకి వచ్చి చేరతాయి. తోడు పెట్టినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ సూక్ష్మజీవి ఏదీ లేదు, అంటుకునేది ఆకారమే. తోడు లేకపోతే గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఏమీ కనపడదు. తర్వాత ఒక్కసారిగా పెరిగి, ఆపైన నిలిచిపోతుంది.

ప్రయోగానికి ఈ ప్రోటీన్‌ని తయారుచేసే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. మనిషి జన్యువు పెట్టిన ఇ.కోలై బాక్టీరియాని పగలగొట్టి, ఆ రసాన్ని 95 డిగ్రీల దగ్గర పావుగంట కాగబెడతారు. మిగతా ప్రోటీన్లలో చాలా భాగం ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టి, గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకి దిగుతుంది. సిన్యూక్లిన్‌కి చెడిపోవడానికి మడతే లేదు కాబట్టి పైతేటలో మిగిలిపోతుంది. ఆ తర్వాత ఒకసారి విద్యుదావేశాన్ని బట్టి, ఒకసారి సైజుని బట్టి కాలమ్‌లో, అంటే పూసలు నింపిన గొట్టంలో, శుద్ధి చేస్తారు. దీని అసలు బరువు 14.5 కిలోడాల్టన్లు (అణువుల బరువుకి కొలత), ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ మీద మాత్రం 18 దగ్గర కనపడుతుంది. కొత్త విద్యార్థులు ఇక్కడే "వేరే ప్రోటీన్ వచ్చింది" అని కంగారుపడతారు. దాని తోక భాగంలో ఆమ్ల గుణం ఎక్కువ కాబట్టి జెల్ మీద అలా నెమ్మదిగా నడుస్తుంది.

విశాఖలో అసలు చిక్కు గాలిలోని తేమ. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్రోటీన్ పొడి ఉన్న ట్యూబుని ఉక్కపోతలో అలాగే తెరిస్తే లోపల చెమ్మ పట్టి పొడి ఉండ కడుతుంది. ఆ ఉండలు సరిగ్గా కరగకపోతే అవే తోడుగా మారి ప్రయోగాన్ని ముందే నడిపించేస్తాయి. మూత తీయకుండా, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో, అంటే తేమ పట్టనివ్వని డబ్బాలో, గంటసేపు ఉంచి గది వేడికి వచ్చాకే తెరవాలి. తూకాన్ని నమ్మకుండా కరిగించాక 280 నానోమీటర్ల కాంతిని ఎంత మింగుతుందో కొలవాలి. మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రామ్ అంటే సుమారు 70 మైక్రోమోలార్ గాఢత. చివరగా 100 కిలోడాల్టన్ల వడపోత గుండా పంపితే ముందే కట్టిన పెద్ద ముక్కలు ఆగిపోతాయి.

ఇక ప్లేటు. ప్రోటీన్ 70 మైక్రోమోలార్, థయోఫ్లావిన్-టి అనే రంగు 20, బాక్టీరియా పెరగకుండా 0.02 శాతం సోడియం అజైడ్, గుంటకో చిన్న టెఫ్లాన్ పూస. 37 డిగ్రీల దగ్గర ఆపకుండా ఊపాలి. అంచు గుంటల్లో ద్రవం త్వరగా ఆవిరవుతుంది కాబట్టి వాటిలో నీళ్లే పోసి, పైన ఫిల్మ్ గట్టిగా అంటించాలి. కరెంటు పోయి ఊపడం ఆగితే ఆ రోజు లెక్క తప్పినట్టే. అన్నీ సవ్యంగా జరిగినా ఒకే ద్రావణం పోసిన గుంటల మధ్య గంటల తేడా వస్తుంది. అందుకే ఒక్కో పరిస్థితికి ఐదారు గుంటలైనా పెట్టాలి.

థయోఫ్లావిన్-టి పోగుని పట్టుకున్నప్పుడు మెరుస్తుంది. 440 నానోమీటర్ల కాంతి వేస్తే 480 దగ్గర వెలుగు వస్తుంది. ప్లేట్ రీడర్ చదివేది ఆ వెలుగునే, పోగుని కాదు.

పసుపుతో గొడవ సరిగ్గా ఇక్కడే. పసుపులోని కర్కుమిన్ 425 దగ్గర కాంతిని మింగేస్తుంది, అంటే రంగుకి అందాల్సిన కాంతికి అడ్డు నిలుస్తుంది. పోగు మీద ఆ రంగు కూర్చునే చోటుకీ పోటీ పడుతుంది. పోగు చెక్కుచెదరకపోయినా గ్రాఫ్ కిందికి దిగుతుంది. ఇంకో సంగతి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, క్షారం తగిలితే కర్కుమిన్ అలా మారిపోతుంది. ప్రయోగంలో వాడే మామూలు బఫర్‌లోనూ, అంటే పిహెచ్ మారకుండా చూసే ద్రావణంలోనూ, అది నిలవదు. పిహెచ్ 7.2, 37 డిగ్రీల దగ్గర అరగంటలో 90 శాతం విరిగిపోతుంది. మూడు రోజుల ప్రయోగంలో ప్రోటీన్‌తో కాపురం చేసేది చాలావరకు దాని ముక్కలే.

పరీక్షించే దారి సులువే. పోగులు పూర్తిగా కట్టిన గుంటలో చివర్లో కర్కుమిన్ చుక్క వేయండి. పక్క గుంటలో కర్కుమిన్‌ని కరిగించిన ద్రావకం డీఎంఎస్‌ఓ ఒక్కటే అంతే వేయండి. కర్కుమిన్ వేసినచోట నిమిషంలోనే వెలుగు పడిపోతే అది కరగడం కాదు, అడ్డుపడటం. గట్టి పోగులు నిమిషంలో కరగవు. తర్వాత రెండు గుంటల్లోని ద్రవాన్నీ లక్ష జి బలంతో (గురుత్వానికి లక్ష రెట్లు) గంటసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగు మడ్డినీ పైతేటనీ విడిగా జెల్ మీద నడపాలి. పైతేటని 280 దగ్గర కొలిచి సరిపెట్టుకోకూడదు, కర్కుమిన్, దాని ముక్కలు అక్కడా కాంతిని మింగుతాయి.

జెల్ మీద రెండు మడ్డిల్లోనూ ప్రోటీన్ పట్టీ ఒకే మందంగా ఉంటే పోగులు ఎక్కడికీ పోలేదు. ఒకవేళ కర్కుమిన్ వేసినదాని పట్టీ నిజంగానే సన్నబడితే పని అయిపోయిందనుకోకూడదు, పైతేటని సైజు కాలమ్ గుండా పంపాలి. పోగు విరిగి విడి గొలుసులయ్యాయా, లేక చిన్న చిన్న గుంపులుగా తేలుతున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. కణాల మీద వేసి చూస్తే చాలా సందర్భాల్లో పెద్ద పోగుల కన్నా ఆ చిన్న గుంపులే ఎక్కువ హాని చేశాయి.