అగ్నిపర్వతం కింద చిన్న కంపాలు: ఎక్కడ, ఎంత లోతులో?

2014 ఆగస్టు 16న ఐస్‌లాండ్‌లోని బార్దర్‌బుంగా అగ్నిపర్వతం కింద చిన్న చిన్న భూకంపాలు మొదలయ్యాయి. అవి ఒకచోట ఆగలేదు. రెండు వారాల్లో 40 కిలోమీటర్లకు పైగా జరిగాయి. నెలాఖరుకు హోలుహ్రాన్ మైదానంలో లావా పైకి తన్నుకొచ్చింది. కంపం పుట్టిన చోటల్లా మ్యాపు మీద చుక్క పెడుతూ పోతే, శిలాద్రవం రాతిని చీల్చుకుంటూ వెళ్లిన దారి కనిపించింది.

మామూలుగా ఒక పెద్ద భూకంపం, దాని వెనక చిన్నవి వస్తాయి. గుంపుగా వచ్చే కంపాల్లో అలాంటి పెద్ద దిక్కు ఉండదు. చాలావాటి తీవ్రత 2 లోపే, మనుషులకు తెలియను కూడా తెలియవు. గాలి, దొర్లే బండరాళ్లు సైతం కంపాలను నమోదు చేసే సీస్మోమీటర్‌ను కదిలిస్తాయి కాబట్టి, ఆ పరికరాలున్న కొన్ని నమోదు కేంద్రాల్లో దాదాపు ఒకేసారి కనిపిస్తేనే కంపంగా లెక్క. ఒకటి సద్దుమణగక ముందే ఇంకొకటి వస్తే వాటిని విడదీయడం కష్టం. అక్కడ ఒక సదుపాయం ఉంది: ఒకే చోట పుట్టిన కంపాల తరంగాలు ఒకే ఆకారంలో ఉంటాయి. తెలిసిన ఆకారాన్ని పట్టుకుని రికార్డంతా గాలిస్తే, రొదలో మునిగిపోయినవీ దొరుకుతాయి.

పట్టుకోవడం కంటే చోటు తేల్చడమే, అందులోనూ లోతు తేల్చడమే అసలు తలనొప్పి. కంపం నుంచి రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి: వేగంగా వచ్చే పి తరంగానికీ, వెనకబడే ఎస్ తరంగానికీ మధ్య ఒక సెకను తేడా ఉంటే, కంపం సుమారు 8 కిలోమీటర్ల దూరంలో పుట్టినట్టు. ఇప్పుడు లెక్క చూడండి. నమోదు కేంద్రం 10 కిలోమీటర్ల అవతల ఉంటే, 2 కిలోమీటర్ల లోతు కంపానికీ 4 కిలోమీటర్ల లోతు కంపానికీ ఈ వ్యవధిలో వచ్చే తేడా 0.07 సెకను మాత్రమే. నమోదు కేంద్రం ఒక కిలోమీటరు దూరంలోనే ఉంటే ఆ తేడా 0.2 సెకను దాటుతుంది. అందుకే పరికరాలను కొండ మీదే పెట్టాలి, పేలితే ముందు పోయేవి అవేనని తెలిసినా!

పైగా బూడిద, పాత లావా, నీరు, వాయువులు కలగలిసిన కొండలో తరంగ వేగం అడుగడుక్కీ మారుతుంది, దాంతో లెక్కగట్టిన చోటు తప్పుతుంది. పక్కపక్కన పుట్టిన కంపాలు దాదాపు ఒకే దారిన వస్తాయి కనుక, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి లెక్కిస్తే ఆ పొరపాట్లు చాలావరకు రద్దవుతాయి. మబ్బులా చెదిరిన చుక్కలు ఒక్కోసారి సన్నని గీతగా తేలతాయి.

2025 ఆరంభంలో గ్రీసులోని సాంటోరిని ద్వీపం దగ్గర వేలాది కంపాలు వచ్చాయి. జనం టెన్షన్‌తో వేల సంఖ్యలో ఊళ్లు వదిలి వెళ్లారు. విస్ఫోటనం మాత్రం రాలేదు. శిలాద్రవం సముద్రగర్భానికి సుమారు 4 కిలోమీటర్ల కిందే ఆగిపోయిందని తర్వాతి పరిశోధనలో తేలింది.