ఫ్లోరోకార్బన్ దారం: కనిపించకపోవడం కన్నా మునగడమే ముఖ్యం

అమెరికాలో బాస్ అనే మంచినీటి చేపల వేట సామాను అమ్మే దుకాణంలో దారాల అర దగ్గరే చాలాసేపు ఆగిపోతాం. ఒంటి పోగుగా ఉండే మామూలు నైలాన్ మోనో ఒక పక్క, సన్నని పోగులతో అల్లిన బ్రెయిడ్ ఇంకో పక్క, వాటి మధ్య ఖరీదైన ఫ్లోరోకార్బన్. దాని డబ్బాల మీద అందరూ ఘనంగా చెప్పుకునేది ఒకటే: ఇది నీళ్లలో చేపకు కనిపించదు. కొత్తగా గాలం పట్టినవాళ్లు ఆ మాట చూసే డబ్బు పెడతారు. అది అబద్ధమేమీ కాదు. కానీ ఆ దారానికి ఉన్న మంచి గుణాల్లో దానికి నేను మొదటి స్థానం ఇవ్వను.

ముందు ఆ మాట సంగతే చూద్దాం. కాంతి ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి వెళ్లేటప్పుడు ఎంత వంగుతుందో, ఎంత వెనక్కి తిరుగుతుందో ఆ రెండింటి వక్రీభవన గుణకాల మధ్య తేడాను బట్టి ఉంటుంది. తేడా లేకపోతే వస్తువు మాయమైపోతుంది. బోరోసిలికేట్ గాజు కడ్డీని వంట నూనెలో ముంచితే కనిపించకుండా పోవడం బడిలో చాలామంది చూసే ఉంటారు. నీటి గుణకం 1.33. ఫ్లోరోకార్బన్‌ది దాదాపు 1.42, నైలాన్‌ది దాదాపు 1.53. అంటే ఫ్లోరోకార్బన్ నీటికి దగ్గరగా ఉంది గానీ నీటితో సమానంగా లేదు. లెక్క కడితే, నీళ్లలో ఉన్న నైలాన్ తన మీద నిటారుగా పడిన కాంతిలో సుమారు 0.5 శాతాన్ని వెనక్కి కొడుతుంది, ఫ్లోరోకార్బన్ సుమారు 0.1 శాతాన్ని. ఐదో వంతుకు తగ్గిందన్నమాట. కానీ నైలాన్ కొట్టేది కూడా తక్కువేనని గమనించాలి. నీళ్లు అద్దంలా ఉండి, ఎర నెమ్మదిగా కదులుతూ, చేప దాన్ని తీరిగ్గా పరిశీలించే చోట ఆ తేడా పనికొస్తుంది. బురద నీళ్లలో దానికి విలువే లేదు.

అసలు విలువ బరువులో ఉంది. ఫ్లోరోకార్బన్ దారం పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ అనే పాలిమర్‌తో తయారవుతుంది. క్లుప్తంగా పీవీడీఎఫ్ అంటారు. లిథియం బ్యాటరీల్లో పొడిని పట్టి ఉంచే జిగురుగా, నీళ్లు వడకట్టే పొరలుగా వాడేది కూడా ఇదే. జపాన్‌లోని కురేహా కంపెనీ దీన్ని గాలపు దారంగా తీసి, 1971లో సీగార్ పేరుతో అమ్మకానికి పెట్టింది. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.78 గ్రాములు. నైలాన్‌ది 1.14. పైకి రెండింటికీ పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. కానీ నీళ్లలో దిగిన వస్తువుకు నీరు మోసే బరువు పోగా మిగిలేదే లెక్క. ఆ మిగులు నైలాన్‌కు 0.14, ఫ్లోరోకార్బన్‌కు 0.78. అయిదు రెట్లకు పైనే! బ్రెయిడ్ పాలిథిలీన్ పోగులది కాబట్టి, దాని సాంద్రత 0.97 మాత్రమే కాబట్టి, తేలుతుంది.

బాస్ వేటలో దారం ఎంపికంతా నాకు తెలిసి ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఎర అడుగున పాకాలా, మధ్యలో ఈదాలా, పైన చిందులు వేయాలా అన్నది ముందు తేల్చుకోవాలి. టెక్సస్ రిగ్ అని ఒక పద్ధతి ఉంది: ప్లాస్టిక్ వానపాములో గాలం మొన దాచి, ముందు తూటా లాంటి బరువు గుచ్చి, అడుగున మెల్లగా ఈడుస్తారు. దానికి ఫ్లోరోకార్బన్‌ను మించింది లేదు. దారం కూడా మునుగుతుంది కనుక రాడ్ నుంచి ఎర దాకా నీళ్లలో పెద్ద వంపు తేలి నిలవదు, చేప నోట పెట్టుకున్న చిన్న తట్టు చేతికి తెలుస్తుంది. లోతుకు దూకే చేప ఆకారపు గట్టి ఎర క్రాంక్‌బెయిట్‌కూ ఇదే మేలు, అందులోనూ 10, 12 పౌండ్ల (తెగకుండా మోయగల బరువు) సన్నని దారమైతే ఎర ఇంకా లోతుకు దిగుతుంది. నీటి మీద తేలే పాపర్ ఎరకూ కప్ప ఆకారపు ఎరకూ మాత్రం దీన్ని కట్టకండి. మునిగే దారం ఎర ముక్కును కిందికి లాగి దాని నడకనే పాడు చేస్తుంది. అక్కడ నైలాన్ గానీ బ్రెయిడ్ గానీ కట్టాలి.

డల్లాస్ ప్రాంతంలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి నుంచి తూర్పుగా వెళ్తే లేక్ ఫోర్క్ వస్తుంది. టెక్సస్ రాష్ట్రంలో రికార్డుగా నిలిచిన 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్ బాస్‌ను 1992 జనవరిలో పట్టింది ఆ చెరువులోనే. నీళ్లలో నిలబడే ఎండిపోయిన చెట్ల మోడులు అక్కడ విపరీతం. చేప గాలం తగిలిన వెంటనే మోడు చాటుకే పరుగెత్తుతుంది, దారం చెక్కకు రాసుకుంటుంది. ఇలాంటి చోట 15 నుంచి 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ కట్టాలి. నైలాన్ అణువుల్లో నీటిని పట్టుకునే అమైడ్ జట్లు ఉంటాయి. తడిసేకొద్దీ నైలాన్ మెత్తబడి, ఎక్కువ సాగి, బలం కొంత కోల్పోతుంది. పీవీడీఎఫ్ నీటిని దాదాపు పీల్చదు. పొద్దున్న ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంటుంది.

ఇది సాగదనే ప్రచారం మాత్రం నమ్మొద్దు. గట్టిగా లాగితే ఇదీ సాగుతుంది, పైగా హద్దు దాటి సాగిందంటే మళ్లీ మొదటి స్థితికి పూర్తిగా రాదు. ఎర మోడులో ఇరుక్కుని బలంగా లాగి విడిపించుకున్నాక, చివరి కొన్ని అడుగుల దారం కోసేసి కొత్త ముడి వేయడం మంచిది.

ఇక ముడి. ఫ్లోరోకార్బన్ తెగిందని తిట్టుకునే చాలా సందర్భాల్లో తెగేది ముడి దగ్గరే. నైలాన్ 6 కరిగేది దాదాపు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పీవీడీఎఫ్ 170 డిగ్రీలు దాటగానే. పొడి ముడిని ఒక్క గుంజున బిగిస్తే పోగులు ఒకదాని మీద ఒకటి జారి రాపిడితో వేడెక్కుతాయి, దారం అక్కడ దెబ్బతింటుంది. పైగా ఇది బిరుసు దారం, చుట్లు వాటంతట అవి సర్దుకోవు. అందుకే ముడిని నోటి తడితోనో నీళ్లతోనో బాగా తడిపి, తొందర లేకుండా సాగనిస్తూ బిగించాలి. నేను నమ్మేది పాలోమార్ ముడి: దారాన్ని మడిచి గాలం కంట్లోంచి దూర్చి, ఆ జంట పోగుతో వదులుగా ఒక మామూలు ముడి వేసి, మడత లూప్‌లోంచి గాలాన్ని దాటించి బిగించడం. రెండు పోగులూ ఒకదాన్నొకటి దాటకుండా పక్కపక్కనే పడాలి. అడ్డం పడితే విప్పి మళ్లీ వేయండి. నీళ్లలోకి విసిరే ముందు చేత్తో ఒకసారి గట్టిగా లాగి చూడండి.

బిరుసుతనం వల్ల స్పిన్నింగ్ రీలుకు, అంటే విసిరేటప్పుడు దారం చుట్టిన స్పూలు తిరగకుండా ఉండే రీలుకు, ఇంకో చిక్కు ఉంది. చిన్న స్పూలు మీద చుట్టిన మందపాటి ఫ్లోరోకార్బన్ స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ఎగిరిపడుతుంది. ఆ రీలుకు 6, 8 పౌండ్లు మించొద్దు. ఇంకా మేలైన దారి, రీలు నిండా సన్నని బ్రెయిడ్ చుట్టి, ఎర దగ్గర కొన్ని అడుగులు మాత్రం ఫ్లోరోకార్బన్ ముక్క కట్టడం. దాన్నే లీడర్ అంటారు. ఖర్చూ తగ్గుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద 100 శాతం ఫ్లోరోకార్బన్ అని ఉందో లేదో చూడండి. నైలాన్ మీద ఫ్లోరోకార్బన్ పూత పూసినవి కూడా అదే అరలో ఉంటాయి, వాటికి పైన చెప్పిన సాంద్రత రాదు.

దీని మన్నికే దీనితో వచ్చే పెద్ద చిక్కు కూడా. కార్బన్, ఫ్లోరిన్ బంధం అంత తేలిగ్గా తెగేది కాదు. ఎండకూ నీటికీ పీవీడీఎఫ్ చెక్కుచెదరదు, అంటే చెరువు అడుగున వదిలేసిన ముక్క తరతరాలు అక్కడే ఉంటుంది. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2021లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇది పీఫాస్ అనే, తేలిగ్గా నశించని ఫ్లోరిన్ రసాయనాల జాబితాలోకే వస్తుంది. నైలాన్ ముక్క కాలికి చుట్టుకున్న కొంగను చూసినవాళ్లకు ఇది ఇంకెంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ముడి వేశాక కత్తిరించిన తోకల దగ్గర్నుంచి పాత లీడర్ దాకా అంతా జేబులోనో డబ్బాలోనో వేసుకోవాలి. అమెరికాలో చాలా పడవ రేవుల దగ్గర పాత దారం వేయడానికి నిలువు పైపుల్లాంటి డబ్బాలు పెట్టారు. అవి లేని చోట, దారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి.