కొండ ముక్కుల మధ్య దాగిన ఇసుక

ఇంగ్లండ్ నైరుతి మూలన సముద్రం అంచునే సాగే ఒక కాలిబాట ఉంది. పేరు సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్. మైన్‌హెడ్‌లో మొదలై పూల్ హార్బర్ దగ్గర ముగిసేసరికి 630 మైళ్లు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. దాన్ని మొదటినుంచి చివరిదాకా నడిస్తే ఎక్కే ఎత్తంతా కలిపి సుమారు 35,000 మీటర్లు. ఎవరెస్టు ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లు! అలాగని దారిలో పెద్ద పర్వతాలేమైనా ఉన్నాయా అంటే లేవు. అన్నిటికన్నా ఎత్తయిన గ్రేట్ హాంగ్‌మన్ కొండే 318 మీటర్లు. మరి అంత ఎత్తు ఎక్కడిది? కష్టపడి ఎక్కిన ఎత్తంతా ఇంకాసేపటికి మళ్లీ సముద్రమట్టం దాకా దిగిపోతాం. ఆ వెంటనే మళ్లీ ఎక్కాలి. రోజంతా ఇదే పని.

దారి ఇలా ఉండడానికి ఒక పాత కారణం ఉంది. పన్ను ఎగ్గొట్టి పడవల్లో దొంగసరుకు దింపేవాళ్లని పట్టుకోవడానికి కోస్ట్‌గార్డ్ మనుషులు ఈ అంచున కాలినడకన కాపలా తిరిగేవారు. సరుకు దిగేది ఎవరి కంటా పడని ఒంపుల్లోనే కాబట్టి ప్రతి ఒంపులోకీ తొంగిచూడాల్సిందే. అందుకే బాట అడ్డదారులు తొక్కకుండా తీరం ఎలా మెలితిరిగితే అలా తిరుగుతుంది. ఇవాళ నడిచేవాళ్లకి ఆయాసమూ, మనిషి జాడ లేని చిన్న చిన్న ఇసుకతీరాలూ రెండూ దక్కడం దాని పుణ్యమే.

అసలు ఆ ఒంపులు ఎలా ఏర్పడ్డాయి? తీరం పొడవునా రాయి ఒకే రకంగా ఉండదు. ఒకచోట గట్టి సున్నపురాయో గ్రానైటో, పక్కనే బంకమన్నో బీటలువారిన రాయో. కెరటం వచ్చి కొట్టినప్పుడు బీటల్లో ఉన్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతుంది, నీళ్లు వెనక్కి తగ్గగానే ఫట్‌మని వ్యాకోచిస్తుంది. అలలు ఎగసిన రోజున అలాంటి బీట దగ్గర నిలబడితే రాతి లోపలినుంచి డప్పు కొట్టినట్టు చప్పుడు వినిపిస్తుంది. కాళ్ల కింద నేల అదురుతుంది కూడా. ఈ దెబ్బలకి మెత్తని రాయి ముందు అరిగి వెనక్కి జరుగుతుంది, గట్టిది ముక్కులా సముద్రంలోకి పొడుచుకుని మిగులుతుంది.

ఇలాగే జరుగుతూ పోతే మెత్తని చోట సముద్రం అంతూ పొంతూ లేకుండా లోపలికి తొలుచుకుంటూ పోవాలి కదా! పోదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా అందంగా తోచే సంగతి ఇదే. పది సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలని తీసుకుందాం. లోతైన సముద్రంలో దాని వేగం గంటకు 56 కిలోమీటర్లు, ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య దూరం 156 మీటర్లు. నీటి లోతు ఇందులో సగానికి, అంటే 78 మీటర్లకు తగ్గినప్పటినుంచి అలకి అడుగునేల తగలడం మొదలవుతుంది. లోతు తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. నాలుగు మీటర్ల లోతుకొచ్చేసరికి గంటకు 22 కిలోమీటర్లకు పడిపోతుంది. కొండ ముక్కు ముందు నీటి లోతు సాధారణంగా ముందే తగ్గిపోతుంది, ఒంపు ఎదురుగా ఇంకా లోతుంటుంది. కాబట్టి ఒకే అలలో ముక్కుకి ఎదురైన భాగం వెనకబడుతుంది, ఒంపు వైపు భాగం ముందుకు సాగుతుంది. అల మొత్తం విల్లులా వంగుతుంది. దాంతో అలల బలమంతా ముక్కుల మీద పోగుపడుతుంది, ఒంపులోకొచ్చేది పలచగా పరుచుకుంటుంది. కొండపైనుంచి కిందికి చూస్తే ఇది కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఒడ్డుకు ఐమూలగా వచ్చే అలలు ఒంపులోకి రాగానే ఒడ్డు ఆకారంలోకే వంపు తిరిగి మెల్లగా విరుగుతాయి.

బలం తగ్గిన నీరు మోసుకొచ్చిన ఇసుకని అక్కడే దించేస్తుంది. రెండు పక్కలా కొండ ముక్కులు గోడల్లా అడ్డం ఉంటాయి కాబట్టి ఆ ఇసుక పక్క తీరానికి సులభంగా జారిపోదు. మనుషులూ అటునుంచి ఇటు రాలేరు. ఆ తీరం ఏకాంతంగా ఉండటానికీ, అక్కడ ఇసుక ఉండటానికీ కారణం ఆ రెండు గోడలే.

పక్కకు పోకపోయినా, ఇసుక సముద్రంలోకి మాత్రం పోగలదు. చలికాలపు తుఫాను అలలు ఇసుకని లాక్కెళ్లి కాస్త దూరాన నీటి అడుగున దిబ్బలుగా పోస్తాయి, వేసవిలో నెమ్మదైన అలలు దాన్నే మళ్లీ ఒడ్డుకు తోస్తాయి. ఒక్కోసారి తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. ఐర్లండ్ పశ్చిమాన అకిల్ ద్వీపంలో డూఆ అనే ఊరి తీరంలో ఇసుక 1984లో తుఫానుకి పూర్తిగా కొట్టుకుపోయి రాళ్లు మాత్రం మిగిలాయి. 33 ఏళ్ల తర్వాత, 2017 ఏప్రిల్‌లో, కొద్దిరోజుల్లోనే వందల మీటర్ల మేర ఇసుక తిరిగొచ్చి పడింది. చిన్నప్పుడు ఆ ఇసుకలో ఆడుకున్నవాళ్లు నడివయసులో మళ్లీ దానిమీద నడిచారు.

ఇలాంటి తీరంలోకి దిగేముందు పోటు ఎప్పుడో తెలుసుకుని తీరాలి. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఆటునుంచి పోటుకి దాదాపు ఆరు గంటలు. ఈ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో పెరగదని చాలామందికి తెలియదు. మొత్తం పెరుగుదల ఆరు మీటర్లనుకుంటే మొదటి గంటలో అర మీటరు, రెండో గంటలో ఒక మీటరు, మూడు నాలుగు గంటల్లో ఒక్కోదానిలో మీటరున్నర, తర్వాత మళ్లీ ఒకటి, అర. నావికుల ఉజ్జాయింపు లెక్క ఇది. మొదటి గంట చూసి ‘ఇంకా చాలా టైమ్ ఉందిలే’ అనుకుని ముక్కు చుట్టూ తిరిగి పక్క ఒంపులోకి వెళ్లినవాళ్లే తిరిగొచ్చే దారి లేక చిక్కుకుంటారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఇంకా ఎక్కువ. వానలు పడ్డాక కొండ గోడ నీడలో కూర్చోవడమూ అంతే ప్రమాదం, రాళ్లు చెప్పి పడవు.

ఆటు సమయంలో రాళ్ల మధ్య కూర్చుంటే వేలి గోరంత, రూపాయి బిళ్లంత శంఖు టోపీలు రాతికి అతుక్కుని కనిపిస్తాయి. ఇవి లింపెట్ అనే నత్తలు. నీళ్లు పైకొచ్చినప్పుడు కదిలి నాచు గీక్కుని తింటాయి. తిన్నాక చాలావరకు బయల్దేరిన చోటికే తిరిగొస్తాయి. అక్కడ రాయి సరిగ్గా దాని చిప్ప అంచు ఆకారంలో అరిగి ఉంటుంది, మూతకి డబ్బాలా. దాని పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంది. 2015లో బ్రిటన్ పరిశోధకులు పరీక్షించి, సాలెపట్టుని మించిన బలం ఈ పళ్లదని తేల్చారు. నాచుతోపాటు కాస్త రాతిపొడినీ అది గీకేస్తుంది. కొండని అరగదీసే పనిలో దీనికీ ఒక చిన్న వాటా ఉంది.

ఈ కథంతా ఒకేచోట చూడాలంటే అదే కాలిబాట మీద డోర్సెట్ తీరానికి వెళ్లాలి. లల్‌వర్త్ కోవ్ అక్కడే ఉంది. సముద్రం వైపు గట్టి సున్నపురాయి గోడ, దాని వెనక మెత్తని బంకమన్ను, ఇసుకరాతి పొరలు, ఆ వెనక తెల్లటి సుద్దకొండ. గోడకి ఒకచోట గండి పడింది. ఆ సందులోంచి దూరిన నీళ్లు వెనకున్న మెత్తని పొరల్ని రెండు వైపులా తొలిచి గుర్రపు లాడంలాంటి గుండ్రటి ఒంపు చేశాయి. అక్కడినుంచి కొద్ది నిమిషాలు పడమరకి నడిస్తే స్టెయిర్ హోల్. అక్కడ గోడ ఇంకా నిలిచే ఉంది, అడుగున గుహలూ కమానులూ మాత్రం తెరుచుకున్నాయి. వాటిలోంచి పోటు నీళ్లు లోపలికొచ్చి, మడతలు పడిన రాతిపొరల కింద, బంకమన్నుని ఇప్పుడిప్పుడే నాకడం మొదలుపెట్టాయి.