ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేనట్టు కాదు

గుంటూరులో ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా రికార్డు చేసే పరీక్ష) గదిలో పనిచేస్తున్నాను. తలకు పేస్టు రాసి ఎలక్ట్రోడ్లు అతికించడం నా పని, జబ్బు పేరు చెప్పడం డాక్టరు గారి పని. అయినా రిపోర్టు చేతికి రాగానే చాలామంది ముందు నా దగ్గరికే వస్తారు. అడిగేదీ దాదాపు ఒకే ప్రశ్న: "మేడం, నార్మల్ అని రాశారు కదా, ఇక మాత్రలు ఆపేయవచ్చా?" నిద్రలో మాత్రమే ఫిట్స్ వచ్చేవాళ్ల ఇళ్లలో ఈ నమ్మకం చేసే చేటు ఇంతా అంతా కాదు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ఈఈజీ నార్మల్ అంటే మూర్ఛ లేదని అర్థం.

కాదు. మామూలు ఈఈజీలో మేము చూసేది ఇరవై నిమిషాలో, అరగంటో. అదీ పట్టపగలు. ఫిట్ వచ్చేదేమో అర్ధరాత్రి దాటాక. ఎండాకాలంలో అరగంట ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, కృష్ణకు వరదే రాదని తీర్పు చెప్పినట్టుంటుంది. మూర్ఛ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి మొదటి ఈఈజీలో ఏమీ కనబడదు. అందుకే ముందు రాత్రి నిద్ర తగ్గించుకుని రమ్మంటాం, ఇక్కడ నిద్రపోనిచ్చి రికార్డు చేస్తాం, అవసరమైతే మళ్లీ తీస్తాం. అప్పటికీ తేలకపోతే రాత్రంతా వీడియో ఈఈజీ. ఇంతా చేసి కొందరిలో అందులోనూ ఏమీ దొరకదు. నుదుటి వెనుక ఉండే ఫ్రాంటల్ లోబ్ అడుగున, లోపలి పక్కన పుట్టే ఫిట్ తల పైనున్న ఎలక్ట్రోడ్లకు అందకపోవచ్చు. ఫిట్ వస్తున్న క్షణంలో కూడా! మనిషి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే తెర మీద కండరాల గీతలే నిండిపోతాయి.

తిరగేసి చూసినా అంతే. ఎన్నడూ ఫిట్ రాని కొందరు పిల్లల ఈఈజీలోనూ స్పైకులు, అంటే మూర్ఛ ఉన్నవాళ్లలో కనబడే సూది మొనల్లాంటి గీతలు, కనిపిస్తాయి.

మరి డాక్టరు దేన్నిబట్టి తేలుస్తారు? అన్నిటికంటే ముందు, పక్కన ఉండి చూసినవాళ్లు చెప్పేదాన్నిబట్టి.

నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక జంట నాకు బాగా గుర్తు. ఆయన నిద్రలో ఉన్నట్టుండి కేక పెట్టి, సైకిలు తొక్కినట్టు కాళ్లు ఆడించేవాడట. అరనిమిషంలో అంతా సద్దుమణిగేది. మళ్లీ గంటకో, రెండు గంటలకో అదే తంతు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఈఈజీ నార్మల్, ఎమ్మారై నార్మల్. "కావాలనే చేస్తున్నాడని మా అత్తగారే అంటున్నారు మేడం" అంటూ ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. వీడియో తీసుకురమ్మన్నారు డాక్టరు గారు. ఆమె ఫోనును కిటికీ ఊచకు కట్టి, లైటు వేసి ఉంచి, వీడియోలు తీసి తెచ్చింది. నేనూ చూశాను. రాత్రులు వేరు, కట్టుకున్న లుంగీ వేరు, జరిగింది మాత్రం అచ్చు ఒకటే: ముందు ఎడమ చేయి బిగుసుకుంటుంది, ఆ తర్వాత కేక, ఆ వెంటనే కాళ్లు. పీడకలకు అంత క్రమశిక్షణ ఉండదు.

దీన్ని స్లీప్ రిలేటెడ్ హైపర్‌మోటార్ ఎపిలెప్సీ అంటారు. 2016కు ముందు నాక్టర్నల్ ఫ్రాంటల్ లోబ్ ఎపిలెప్సీ అనేవారు, పాత ఫైళ్లలో ఆ పేరే ఉంటుంది. చాలామందికి కార్బమజెపిన్ అనే మందుతో అదుపులోకి వస్తుంది, ఆయనకూ వచ్చింది. ఇది చదివి మందుల షాపుకు పరుగెత్తకండి. యుక్తవయసులో మొదలై పొద్దున్నే చేతులు అదిరిపడే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ ఉన్నవాళ్లకు అదే మందు అదుర్లను పెంచగలదు.

వీడియో ఎలా తీయాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది తెచ్చేది చీకట్లో దుప్పటి బొమ్మ. ముందు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఫోను తర్వాత. లైటు వేయండి, దుప్పటి తీసేయండి, ముఖం ఒక్కటే కాకుండా కాళ్ల దాకా పడనివ్వండి. పేరు పెట్టి పిలవండి, పలుకుతున్నారో లేదో అందులో రావాలి. ఆగిపోగానే ఆపేయకండి. తేరుకుని మిమ్మల్ని గుర్తుపట్టేదాకా తీయండి.

అపోహ: పిల్లవాడు జడుసుకున్నాడు, దిష్టి తీస్తే పోతుంది.

నైట్ టెర్రర్ (పిల్లలు గాఢనిద్రలో ఉలిక్కిపడి భయంతో అరవడం) అయితే నిజంగానే వయసుతోపాటు దానంతట అదే పోతుంది, ఆ ఘనత దిష్టికి పోతుంది. అది సాధారణంగా పడుకున్న తొలి రెండు మూడు గంటల్లో, రాత్రికి ఒకసారి, కొన్ని నిమిషాల పాటు ఉంటుంది. నిమిషంలోపు ముగిసి, రాత్రికి నాలుగైదుసార్లు ఒకే తీరున వస్తుంటే ఫిట్స్‌ను అనుమానించాలి. బడి వయసు పిల్లల్లో ఇంకొకటి ఉంది: నిద్రలో ఒక బుగ్గ అదరడం, చొంగ కారడం, తెలివిలో ఉండీ మాట రాకపోవడం. తల్లులు దీన్ని చూసి పక్షవాతమని హడలిపోతారు. ఇది రోలాండిక్ ఎపిలెప్సీ కావచ్చు. చాలావరకు యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోయేదే, అంత కంగారు వద్దు తల్లీ.

అపోహ: ఒంటరిగా పడుకునేవాళ్లకు తెలిసే దారే లేదు.

పొద్దున తెలుస్తుంది. నాలుక పక్క అంచున గాటు, దిండు మీద రక్తపు మరక, తడిసిన పక్క, కారణం లేని ఒళ్లునొప్పులు. విజయవాడ, గుంటూరు ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారకముందే లేచే పిల్లలకు బ్రష్షు, గ్లాసు చేతిలోంచి ఎగిరిపడుతుంటే "నిద్ర చాలక" అని వదిలేయకండి. అది పైన చెప్పిన జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ కావచ్చు. నిద్రలేమి ఆ జబ్బును రెచ్చగొడుతుంది, కానీ జబ్బు అదే కాదు. నిద్ర పట్టబోతుండగా ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడటం మాత్రం అందరికీ ఉండేదే.

మిగతావి ఒక్కో మాటలో. చేతిలో తాళాల గుత్తి పెడితే ఫిట్ ఆగదు, దానంతట అదే ఆగుతుంది. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. పెళ్లి చెడుతుందని దాచిపెట్టేవాళ్లకు: హిందూ వివాహ చట్టంలో అడ్డంకిగా ఉన్న మూర్ఛ అన్న మాటను 1999లోనే తీసేశారు.

ఇక పరీక్షకు వచ్చేవాళ్లకు నా మొర. నూనె పెట్టకుండా తలంటుకుని రండి. రాత్రంతా కష్టపడి మెలకువగా ఉంచిన పిల్లవాణ్ని మాచర్ల బస్సులో ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొట్టకండి. ఇక్కడికొచ్చి వాడు హాయిగా ఆడుకుంటాడు, నాకు నిద్ర రికార్డు దొరకదు. మాత్రలు మాత్రం డాక్టరు ఆపమంటే తప్ప ఆ రోజూ వేసుకునే రావాలి.